డ్యూటీకి లేని మూఢం

మా పక్క విల్లా వాళ్ళు ఒక పాత పడవ కొనుక్కొచ్చి ఇంటి ముందు దుంగల మీద నిలబెట్టుకున్నారు. వారం రోజులుగా ఇద్దరు పనివాళ్ళు దాని అడుగుకు ఫైబర్‌గ్లాస్ అతుకులు వేస్తున్నారు. ఆ జిగురు వాసన, మొదట తియ్యగా తగిలి తర్వాత ముక్కు లోపల మంటపెట్టే వాసన, పొద్దున కిటికీ తీయగానే ఇంట్లోకి వచ్చి కూర్చుంటోంది. చిన్ననాటి వాసన తగిలితే కొందరికి కళ్ళు చెమ్మగిల్లుతాయట. నాకు ఒళ్ళు మండుతుంది. నలభై దాటిన మనిషిని, ఇదే దోహాలో ఒక బడిలో లెక్కల టీచరును, పిల్లలు ఎంత అల్లరి చేసినా గొంతు పెంచను. ఈ వాసనకు మాత్రం కాఫీ వదిలేసి లేచి కిటికీలన్నీ ధడాలున మూసేస్తున్నాను. ముప్పై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో మా నాయన ఒక బండి పైకప్పుకు ఇదే జిగురు పూశాడు. ఆ బండి సంగతి చెప్పాలి. తీపి జ్ఞాపకాలు కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

మేము ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక పాత మేడ వెనకవైపు రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. కింద దర్జీ అంగడి, పక్కన ఇరానీ రొట్టెల భట్టీ. తెల్లవారుజామున కాలిన పిండి వాసన, మధ్యాహ్నం ఏసీల నుంచి రేకుడబ్బాల్లోకి కారే నీటిచుక్కల చప్పుడు, సాయంత్రం ఏలకులు వేసి మరిగించే కరక్ చాయ్ వాసన, వీటిని బట్టే మాకు పొద్దు తెలిసేది. మా నాయన ఓబులేసు రాయచోటి పక్క పల్లెలో లారీల కింద పడుకుని పని నేర్చుకున్నవాడు. దోహాలో ఒక రవాణా కంపెనీ వర్క్‌షాపులో ఫోర్‌మన్ అయ్యాడు కాబట్టి అమ్మనూ నన్నూ తెచ్చుకోగలిగాడు. ఊళ్ళో వాళ్ళకు మాత్రం మేము దుబాయ్‌లో ఉన్నట్టే. ఇల్లు కంపెనీది, ఫ్రిజ్జు కంపెనీది, ఫ్రిజ్జు మీద కూర్చున్న ఎర్ర ఫోను కూడా కంపెనీదే. నాయనకు వారానికి ఒక్కటే సెలవు, శుక్రవారం. ఆ రోజు ఆ ఫోను తప్పకుండా మోగేది. ఎక్కడో ట్రెయిలర్ ఆగిపోయిందనో, ముదీర్ ఇంట్లో జనరేటర్ తిరగడం లేదనో కబురు. ముదీర్ అంటే కంపెనీ యజమాని, అందరూ ఆయనను అలాగే పిలిచేవారు. నాయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలి, "డ్యూటీ" అని లేచేవాడు. ఆ మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. అమ్మ ఆ కంచం మీద మూత పెట్టి, సాయంత్రం ఆ చల్లటి అన్నం తనే తినేది.

నేను ఐదో తరగతిలో ఉండగా ఒక ఇంగ్లీషు ఇంజనీరు దేశం వదిలి వెళ్తూ తన పాత ఇంటిబండిని వర్క్‌షాపులోనే వదిలేసి పోయాడు. లోపలే మంచాలు, పొయ్యి, కుళాయి అన్నీ ఉన్న బండి. దాన్ని మోటర్‌హోమ్ అంటారని తర్వాత తెలిసింది, మేము మాత్రం ఇంటిబండి అనే అన్నాం. ఇంజను పట్టేసింది, పైకప్పు కారేది, టైర్లు ఎండకు బీటలు వారాయి, లోపలి చెక్కనేల మీద కాలు పెడితే దిగబడేది. తుక్కుకు వేయమన్నారు. అప్పుడు మా నాయన ముదీర్ దగ్గరికి వెళ్ళి ఆ బండి తనకిమ్మని అడిగాడు. ఆయన తనకోసం నోరు తెరిచి ఒకటి అడగడం నాకు తెలిసి అదొక్కసారే. కాగితాలు కంపెనీ పేరు మీదే ఉంటాయి, బండి బాగుచేసుకుని పెళ్ళాం బిడ్డలను తిప్పుకో అన్నాడట ఆయన. నవ్వుతూ అన్నాడట. ఆయన చెడ్డవాడని నేను ఈ రోజుకీ అనను, అది వేరే సంగతి.

ఆ సాయంత్రం అమ్మ కుట్టుమిషను ఆపి, పళ్ళ మధ్య ఉన్న దారం తీసి పక్కన పెట్టి, నాయన వైపు తిరిగింది.

"అది బాగైతే ఒగ శుక్రారం యాడికన్నా పోదామయ్యా. ఈ ఫోను మోగని చోటికి. మనం ముగ్గురమే. ఒగే ఒగ దినం. అంతే నేనడిగేది."

నాయన ఉత్తరాన ఫువైరిత్ అనే చోట సముద్రం ఒడ్డున తెల్లటి ఇసుక ఉంటుందనీ, ఒకసారి ఆగిన లారీని లాక్కొస్తూ చూశాననీ, చుట్టుపక్కల ఇల్లు గానీ అంగడి గానీ ఉండవనీ చెప్పాడు. గురువారం సాయంత్రం బయలుదేరి, రాత్రి బండిలోనే పడుకుని, శుక్రవారమంతా అక్కడే ఉండి రావాలని అనుకున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ శుక్రవారం కోసమే నేను బతికాను అంటే అతిశయోక్తి కాదు.

ఖతర్‌లో చలికాలం అంటే పండగ. ఎనిమిది నెలలు కొలిమిలో ఉన్నట్టు ఉడికిన మనిషికి నవంబరులో ఒక తెల్లవారుజామున చల్లగాలి తగిలితే ప్రాణం లేచొచ్చేది. ఊరు ఊరంతా గుడారాలు, కట్టెలు, చాపలు బండ్లకెత్తుకుని ఎడారికి పోయేది. మేము శుక్రవారాలు సనయ్యకు, అంటే ఇండస్ట్రియల్ ఏరియాలోని వర్క్‌షాపుకు పోయేవాళ్ళం. ఫోను మోగని ఏ రెండు మూడు గంటలు దొరికినా నాయన ఆ బండి కింద దూరేవాడు. ఇంజను విప్పి ముక్క ముక్క కిరసనాయిల్లో కడిగి పాత దుప్పటి మీద వరుసగా పేర్చేవాడు. నేను పెద్ద నట్లతో అచ్చనగాయలు ఆడుకుంటూ, "అది ముట్టుకోవాకమ్మే, దాని జత దొరకదు" అని తిట్లు తినేదాన్ని. పుచ్చిన చెక్కనేలంతా పెరికి కొత్త ప్లైవుడ్ పరిచాడు, పైకప్పుకు ఫైబర్ గుడ్డ అతికించి జిగురు పూశాడు. కిటికీల రబ్బరు మార్చాడు, పగిలిన రేడియేటర్ తీసేసి ఒక జపాన్ లారీది కోసి, అతికి, ఒదిగించాడు. ఆయన చేతులు ఆ బండి మీద తిరుగుతుంటే చూడాలి. డ్యూటీలో కూడా అవే చేతులు, అదే పని, కానీ ఇక్కడ తొందర లేదు, మధ్యమధ్యలో వెనక్కి జరిగి ఊరికే చూసుకునేవాడు.

కరెంటు పని ఖాసిం మామది. ఆయనది జగిత్యాల దగ్గరి ఊరు, అదే కంపెనీలో ఎలక్ట్రీషియన్, ఉమ్ ఘువైలినాలో ఆరుగురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. అమ్మ ఆయనను అన్నా అని పిలిచేది కాబట్టి నాకు మామ, నాయనకు బావ. పైసా ముట్టకుండా వైర్లన్నీ కొత్తగా లాగి, రెండో బ్యాటరీ పెట్టి, మంచం తలాపున నాకు చదువుకోవడానికి చిన్న లైటు బిగించాడు. వెనక గోడకు చదరంగా కోత పెట్టి కిటికీ ఏసీ కూర్చోబెట్టి, "చూడు చెల్లె, దోహాల ముదీర్‌కు సుత గిసొంటి ఇల్లు లేదు" అని అమ్మతో గొప్పలు పోయేవాడు. అమ్మ చెనిక్కాయల పచ్చడి పెట్టిన రొట్టెలు మడిచి ఇస్తే, గ్రీజు చేతులు అంటకుండా కాగితంతో పట్టుకుని తినేవాడు.

అమ్మ బండి లోపల అడుగు పెట్టిన మొదటి రోజే ఒక తగువు తెచ్చింది. వంటగట్టుకు మూరెడు దూరంలో కక్కసు ఉంది. "వండుకునే చోటే దొడ్డికి కూచుంటారా? ఆ తెల్లోళ్ళు ఎట్ల తిన్నారో ఏమో, నేనైతే దీంట్లో పొయ్యి ముట్టించను" అని దిగిపోయింది. నాయన ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆయన ఆ కక్కసు మొత్తం విప్పి గోనెసంచిలో కట్టి వర్క్‌షాపు మూలన పడేసి, ఆ సందులో అమ్మకు నాలుగు అరల బీరువా చేసిపెట్టాడు. పై అరలో అరచేయంత దేవుడి పటం, కింద పప్పుల డబ్బాలు కదలకుండా అడ్డంగా సన్నటి చెక్కపట్టీ. చివరి పట్టీ బిగించిన రోజు అమ్మ నాలుగు అరలకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. తర్వాత కుట్టుమిషను ముందు కూర్చుని, అరబ్బు ఆడవాళ్ళ గౌన్లు కుట్టగా మిగిలిన ముక్కలన్నీ ఏరి, నీలం మీద పసుపుపచ్చ పూలు వచ్చేలా అతికి, తొమ్మిది కిటికీలకూ పరదాలు కుట్టింది. వాటి అంచులకు చేత్తో గొలుసుకుట్టు వేసింది. ఒక వేసవి పూర్తిగా ఆ పరదాలకే పోయింది.

రెండో చలికాలం మొదలయ్యేటప్పటికి కంపెనీ నుంచి కాగితం వచ్చింది. వచ్చే వేసవి నుంచి ఫోర్‌మన్లకు కుటుంబంతో ఉండడానికి ఇల్లు ఇవ్వరట. నా ఆరో తరగతి పరీక్షలు అయ్యాక అమ్మా నేనూ రాయచోటికి వెళ్ళిపోవాలి, నాయన క్యాంపులో ఉండాలి. అమ్మ ఏడవలేదు. కాగితం మడిచి మిషను సొరుగులో పెట్టి, "బండి ఎప్పటికైతాది?" అని మాత్రం అడిగింది. నాయన డిసెంబరు మొదటి వారానికి పూర్తి చేశాడు. తాళం తిప్పగానే ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. ఖాసిం మామ బోనెట్ మీద చరిచి కేక వేశాడు. నేను మంచం మీద ఎగిరాను. ఆ గురువారమే పోయి ఉండవచ్చు. చల్లటి గాలి, నిండుగా డీజిలు, ముగ్గురం ఉన్నాం, ఇంకేం కావాలి?

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా పూజారి సుబ్బన్న పెదనాయన. నాయనకు వరసకు అన్న, లేబర్ క్యాంపులో వంటమనిషి, ఒక కాడ విరిగి దారంతో చెవికి కట్టుకున్న కళ్ళద్దాలు, వాటి వెనక ఏటేటా ఉగాదికి ఊరి నుంచి తెప్పించుకునే పంచాంగం. తొలి ప్రయాణానికి మంచి రోజు చూడమని నాయన ఆయన దగ్గరికి పోయాడు. ధనుర్మాసం వస్తోంది, కొత్త బండి తీయకూడదన్నాడు ఆయన. సరే, సంక్రాంతి దాకా ఆగాం. అది కాగానే మూఢం వచ్చిందన్నాడు. శుక్ర మూఢమో గురు మూఢమో నాకు గుర్తులేదు, గుర్తుంచుకోవాలని కూడా లేదు. మూఢంలో ఆడకూతురిని, బిడ్డను కొత్త బండి ఎక్కించి పొలిమేర దాటించడమా అని ఆయన నోరు నొక్కుకున్నాడు. పైగా శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. అది ఇండియా టైమా, ఖతర్ టైమా అని క్యాంపులో ఒక సాయంత్రమంతా చర్చ జరిగింది. రెండూ వదిలేస్తే పోలా అని తేల్చారు. అంటే రెండున్నర గంటల తేడా లెక్కగట్టి, మా ఒక్కగానొక్క సెలవు రోజులో ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఇండియా రాహువుకు, పదిన్నర నుంచి పన్నెండు దాకా ఖతర్ రాహువుకు ఇచ్చేశారు.

"మూఢమేంది బావా? చలికాలం పోయినంక ఎండల పోయి మాడతరా?" అని ఖాసిం మామ నెత్తీనోరూ కొట్టుకున్నాడు. "నీకు తెల్దులే ఖాసిమూ" అని నాయన నవ్వి ఊరుకున్నాడు. చివరికి మూఢం వదిలాక ఒక గురువారం సాయంత్రం ఖాయమైంది. రంజాను పండగ అయిన వారానికి.

ఈలోగా అమ్మ నిప్పట్లు చేసింది. ప్రయాణానికని రేకుడబ్బా నిండా, బియ్యప్పిండిలో నువ్వులూ పచ్చిమిరపకాయా దంచి వేసి, ఎర్రగా కాల్చింది. ధనుర్మాసం వచ్చిందనేసరికి ఆ డబ్బా క్యాంపుకు పోయింది. మూఢం అనకముందే మళ్ళీ చేసింది, అదీ క్యాంపుకే పోయింది. సుబ్బన్న పెదనాయన వాటిని టీలో ముంచుకుని తింటూ "మరదలి చేతి నిప్పట్లు అమృతం" అన్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఆయన నమిలే దవడను చూస్తున్నాను. అంత చిన్న వయసులో ఒక ముసలాయన మీద అంత కోపం ఎలా పట్టిందో నాకే ఆశ్చర్యం. ఆ రోజుల్లో బడిలో అరబ్బు పిల్లలు, మలయాళీ పిల్లలు శనివారం పొద్దున ఎడారి కబుర్లు చెప్పేవారు, ఇసుక దిబ్బ మీద నుంచి దొర్లామనీ, చేపలు కాల్చుకున్నామనీ. మా దగ్గర కూడా బండి ఉందని నేను చెబితే ఎవరూ నమ్మలేదు.

రంజాను పండగ రేపనగా శుక్రవారం వచ్చింది. ఆ రోజు మా అమ్మ పక్కింటి మలయాళీ ఆవిడ ఉప్పు అడిగితే, శుక్రవారం ఉప్పు ఇవ్వకూడదని ఏదో సాకు చెప్పి పంపింది. పదకొండు గంటలకు ఫోను మోగింది. ముదీర్ కొడుకులు షహానియా అవతల ఎడారిలో గుడారాలు వేస్తున్నారు, పండగ వారం రోజులకు బండి కావాలి. నాయన ఫోనులో "హాజిర్, హాజిర్" అంటున్నాడు, అంటే చిత్తం అని. మేము ముగ్గురం సనయ్యకు పోయేసరికి బండి తీసుకుపోవడానికి ముదీర్ కొడుకు ఒకడు వచ్చి ఉన్నాడు, కబురు విని సుబ్బన్న పెదనాయన, ఖాసిం మామ కూడా వచ్చారు. ఆ క్షణంలో మూఢమూ ఉంది, రాహుకాలమూ ఉంది, శుక్రవారమూ ఉంది. ఉప్పురాయి కూడా ఇల్లు దాటని శుక్రవారం, రెండేళ్ళ మా చాకిరీ మొత్తం చక్రాల మీద ఎక్కి పోబోతోంది. సుబ్బన్న పెదనాయన ఇప్పుడైనా అడ్డుపడతాడని నేను ఆయన వంక చూశాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఒగందుకు మంచిదేరా ఓబులేసూ. తొలి ప్రయాణం దోషమేదన్నా ఉంటే వాళ్ళతోనే పోతాది. మీరు రెండోసారి ఎక్కుతారు, బయం లేదు."

"దోషం పోవుడు గాదు బావా, బండే పోతది. అడగరాదా జెర, మాకు పనుందని చెప్పరాదా!" అన్నాడు ఖాసిం మామ.

నాయన ముఖం విప్పారింది. అదే నాకు ఈ రోజుకీ మింగుడుపడదు. ఆయన బలవంతాన ఒప్పుకుని ఉంటే క్షమించేదాన్ని. కాదు, పెదనాయన మాట ఆయనకు నిజంగా నచ్చింది. మనం దోషం తప్పించుకున్నాం అనుకున్నాడు. తాళంచెవిని రెండు చేతులతో ముదీర్ కొడుకుకు అందించాడు, ముందు నడిచి గేటు తీశాడు. అమ్మ ఆ పూట బిగిద్దామని తెచ్చిన చివరి పరదా చేతిలోనే ఉంది. ముదీర్ కొడుకు దాన్ని చూసి, మర్యాదగా చెయ్యి చాపి, అదీ తీసుకుని లోపల పెట్టుకున్నాడు.

వారం అయింది. మా గురువారం వచ్చింది. బండి రాలేదు. అక్కడ పిల్లలకు బాగా నచ్చిందట, ఇంకో వారం అన్నారు. నాయన "సరే" అన్నాడు. ఇంకో వారం. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. నా పరీక్షలు మొదలయ్యాయి. అప్పుడు ఒక శుక్రవారం ఫోను వచ్చింది, బండిలో కక్కసు లేక ఆడవాళ్ళకు ఇబ్బందిగా ఉంది, వచ్చి పెట్టిపొమ్మని. నాయన వర్క్‌షాపు మూలనున్న గోనెసంచిని పికప్‌లో వేసి, మా మనసు కష్టపడుతుందని ఆయనకు తోచలేదో, లేక ఎడారైనా చూపిద్దామనుకున్నాడో, మమ్మల్ని కూడా ఎక్కించుకున్నాడు.

అక్కడ సముద్రం లేదు. రాళ్ళు, పొట్టి ముళ్ళకంపలు, వరుసగా నల్లటి గుడారాలు, వాటి వెనక మా బండి. ముదీర్ వాళ్ళమ్మ, బాగా ముసలావిడ, మా అమ్మ చెయ్యి పట్టుకుని తివాచీ మీద కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి, చిన్న పింగాణీ గిన్నెలో గహ్వా అనే అరబ్బు కాఫీ పోసి ఇచ్చింది. బండి పరదాలు చూపించి చాలా బాగున్నాయి, ఎక్కడ కొన్నారని అడిగింది. అమ్మ తన చేతులు చూపించింది. ముసలావిడ ఆ చేతులు తీసుకుని కళ్ళకు అద్దుకున్నంత పని చేసింది. ఆమెను ద్వేషించడానికి కూడా వీల్లేకుండా పోయింది. నేను లేచి బండి తలుపు దగ్గరికి పోయాను. లోపల నాయన అమ్మ బీరువా విప్పుతున్నాడు. పసుపు రాసిన అరలు ఒక్కొక్కటీ గీత పడకుండా ఊడదీసి, దేవుడి పటం చొక్కా జేబులో పెట్టుకుని, ఆ సందులో కక్కసు బిగిస్తున్నాడు. పొందిగ్గా, మర మర సరిచూసుకుంటూ, తన సొంత ఇంట్లో బిగించినట్టు బిగించాడు. మంచం తలాపున నా లైటు మీద ఎవరివో పిల్లల గుడ్డలు ఆరేసి ఉన్నాయి. నేను గోడ గడియారం చూశాను. పదకొండుంబావు.

తిరిగి వస్తుంటే పికప్‌లో అడిగాను. "నాయనా, ఇందాక రాహుకాలం గదా. మనం ఎట్ల వచ్చినాం?"

నాయన నా వైపు వింతగా చూశాడు. పరిహాసం కాదు, నిజంగా నాకు తెలియదేమో పాపం అన్నట్టు చూశాడు.

"డ్యూటీకి రాహుకాలమూ మూఢమూ యాడుంటాయి పాపా?"

అమ్మ ఒళ్ళో బీరువా నుంచి ఊడదీసిన ఆ నాలుగు చెక్కలు ఉన్నాయి.

ఆ మాట మీద నేను ముప్పై ఏళ్ళుగా పళ్ళు కొరుక్కుంటున్నాను. డ్యూటీ ముదీర్‌ది, దాని మంచిచెడ్డలు ఆయన చూసుకుంటాడు. మనకోసం మనం ఏదైనా చేసుకోవాలంటే మాత్రం గ్రహాలను అడగాలి, నక్షత్రాలను అడగాలి, దారంతో కట్టుకున్న కళ్ళద్దాల అన్నను అడగాలి. ఒకరి జనరేటర్ బాగుచేయడానికి అర్ధరాత్రి అమావాస్యనాడు లేచిపోయే మనిషి, పెళ్ళాన్ని సముద్రం దగ్గరికి తీసుకుపోవడానికి మూడు నెలలు వణికాడు. ఇది భక్తి కాదు. సంతోషం తమకు హక్కు కాదని, దొరికితే ఎవరో పట్టుకుని శిక్షిస్తారని నమ్మిన మనుషుల భయం ఇది. సుబ్బన్న పెదనాయన ఒక్కడిదే కాదు, ఆ క్యాంపులో సగం మందిది ఇదే భయం. దాన్ని మంచితనం అని మెచ్చుకునేవాళ్ళను చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

బండి ఏప్రిల్‌లో వచ్చింది. ఇసుకలో దిగబడితే ఎవరో కసిగా తొక్కి క్లచ్ కాల్చేశారు. ఏసీ తిరగలేదు. లోపల కూర్చుంటే సీట్ల మీద చెయ్యి కాలేంత ఎండ. నాయన ఆ సాయంత్రం బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "క్లచ్ ఏముంది, రెండు శుక్రారాల్లో ఏస్తా, పోదాం" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. అమ్మ "ఇంటికి పదయ్యా, పాప పుస్తకాలు కట్టాల" అంది. మా టికెట్లు కంపెనీ తీసింది, మే మొదట్లో ఒక శుక్రవారం, విమానం ఎక్కింది సరిగ్గా పదకొండుకు. ఏడేళ్ళు కలిసున్న సంసారాన్ని రెండు ముక్కలు చేసే ప్రయాణం. దానికి మాత్రం ఎవరూ పంచాంగం తెరవలేదు.

నాయన ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు అక్కడే చేశాడు. రెండేళ్ళకొకసారి వచ్చే నెల రోజుల సెలవులో కూడా ఎవరి బోరు మోటారో, ఎవరి ట్రాక్టరో విప్పుకుని కూర్చునేవాడు. పూర్తిగా వచ్చేశాక కూడా అంతే. పిలిస్తే లేచిపోయేవాడు, పిలవకపోతే దిగులుపడేవాడు. నాలుగేళ్ళ కిందట పోయాడు, మధ్యాహ్నం భోజనానికి ముందు, పక్కింటి వాళ్ళ మోటారు వైండింగు చూడ్డానికి చెప్పులు వేసుకుంటూ.

ఇప్పుడు ఫరీజ్ బిన్ మహమూద్‌లో మా మేడ లేదు, అది ఉన్న చోట అద్దాల హోటలు లేచింది. రొట్టెల భట్టీ లేదు. వర్క్‌షాపు ఎక్కడ ఉండేదో గుర్తుపట్టలేకపోయాను. ఇంటిబండిని చాలాకాలం బిర్కత్ అల్ అవామిర్‌లో ఏదో గోదాము ముందు కాపలావాడికి గదిగా వాడారని, తర్వాత అదీ లేదని ఖాసిం మామ ఫోనులో చెప్పాడు. ఫరీజ్ బిన్ మహమూద్ సందుల్లో దర్జీలు, వాళ్ళ మిషన్ల చప్పుడు, అరుగుల మీద ఆరేసిన గౌన్లు, ఏ ఒక్కటీ మిగల్లేదు. పంచాంగం మాత్రం ఇప్పుడు ఫోనుల్లో వస్తోంది, దోహా సూర్యోదయానికి లెక్కగట్టి మరీ.

పోయిన చలికాలం అమ్మను విజిట్ వీసా మీద తెచ్చుకున్నాను. ఒక ఇంటిబండిని అద్దెకు తీసుకున్నాను, మెరిసిపోయే కొత్త బండి. కావాలనే శుక్రవారం పదిన్నర కొట్టాక బయలుదేరాను. ఫోను ఇంట్లోనే వదిలేశాను. ఫువైరిత్‌లో ఇసుక నాయన చెప్పినట్టే తెల్లగా ఉంది. బండి నీడలో కుర్చీ వేసి అమ్మను కూర్చోబెట్టి, చెప్పులు విప్పి, అలలు పాదాలకు తగిలేంత దగ్గరికి కుర్చీ జరిపాను. ఆమె చాలాసేపు చూసింది. ఎట్లుందమ్మా అని అడిగాను. గెలిచినదానిలా అడిగాను, ఆ సంగతి నాకే తెలుస్తోంది.

"బాగుంది పాపా," అంది. పాదాలు నీళ్ళలోకి ఇంకాస్త చాపి, "నాకు సముద్రం చూడాలని యాడుండింది లేమ్మా. మీ నాయన ఒగ దినమంతా ఊరికే కూచోనుంటే చూడాలనుకున్నా," అంది.

నా చెయ్యి తట్టి, ఎండ పడకుండా కొంగు తల మీదికి లాక్కుంది. అలాంటి మాట వింటే మనిషికి కోపం చల్లారాలి. నాకు ఇంకా పెరిగింది.